అక్షరమునకు ద్వారములెన్ని?

గద్వాలకు "విద్వద్గద్వాల" యని పేరు గలదు. ఆ సంస్థానప్రభువుల కొలువునకు దూరదేశములనుండి వచ్చి, తమ విద్యను ప్రదర్శించి, సన్మానములందిన పండితులు పెక్కుమంది. వనపర్తి సంస్థానమును విద్యాపోషణమున వాసికెక్కినదే. 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ సీమవారే. 1952లో వనపర్తి ప్రజలు వారిని తమ ప్రతినిధిగా శాసనసభకు పంపిరి. ఇట్టి సీమను గూర్చి 2011వ సంవత్సరపు జనాభాలెక్క యేమి చెప్పినదో చూడుడు. నాటి మహబూబునగరు జిల్లాలో అక్షరాస్యత నూటికి 55 మాత్రమే. అప్పటి ఆంధ్రప్రదేశపు 23 జిల్లాలలో అదియే కడపటిది. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలు విభజింపబడి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు వేరు వేరు జిల్లాలైన పిమ్మట, ఆ లెక్కలనే క్రొత్త సరిహద్దుల చొప్పున విడదీసి చూడగా, గద్వాల జిల్లాలో చదువను వ్రాయను వచ్చినవారు సగముమందియైనను లేరని తేలినది. పండితులకు పట్టము గట్టిన యూరిలో పామరులకు పలక దొరకలేదన్నమాట.

నేడు పలక దొరకుచున్నది, బడియు గలదు. ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు గల ప్రతి శిశువునకును ఉచితవిద్య హక్కని 2009లో శాసనమైనది. అది 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. కాని బడిలో పేరుండుట వేరు, చదువు వచ్చుట వేరు. మూడవ తరగతి ముగియునాటికి ప్రతి బిడ్డయు అర్థము తెలిసి చదువవలెనని 2021లో కేంద్రప్రభుత్వము ఒక ఉద్యమమును, 2022లో తెలంగాణ ప్రభుత్వము "తొలిమెట్టు" అను కార్యక్రమమును ఆరంభింపవలసివచ్చినదనగా, బడికి పోయియు చదువురాని బిడ్డలు కొల్లలుగా నున్నారని వేరుగ చెప్పనక్కఱలేదు. అట్టి బిడ్డను మనమేమందుము? "మొద్దు" అందుము, "మట్టిబుఱ్ఱ" అందుము, "వీని తలవ్రాత ఇంతే" అని చేతులు దులుపుకొందుము. ఈ మాటలు న్యాయమైనవా యని విచారించుటయే మా యుద్దేశము. ఇది బోధనపద్ధతికి సంబంధించిన చిన్న ప్రశ్నగా కనబడవచ్చును. కాని దోషమెవరిదని నిర్ణయింపవలసిన చోట నది ధర్మప్రశ్నయే యగును.

ముందుగా అక్షరమనగా నేమి? కాగితముమీది నల్లని గీతయే అక్షరమని పలువురి తలంపు. అట్లయినచో గ్రుడ్డివాడు చదువజాలడు. కాని ఫ్రాన్సుదేశమున చిన్ననాటనే చూపు గోల్పోయిన లూయీ బ్రెయిలీ ఆరు చుక్కల కూర్పుతో లిపి కల్పించెను. నేడు లోకమంతట అంధులు వ్రేలికొనలతో గ్రంథములు చదువుచున్నారు. కావున అక్షరము కంటిసొత్తు కాదు. అది చెవికి ధ్వని, కంటికి రూపు, నోటికి ఉచ్చారణ, చేతికి ఒక నడక, ఒక మలుపు. ఈ నాలుగును ఒక్కటే యని మనస్సు గుర్తించిన క్షణముననే అక్షరము పుట్టుచున్నది. ఈ కలయికకు మేలుచేయు బోధనమే బహేంద్రియ బోధనము. పేరు క్రొత్తదిగా దోచినను విషయము మన కెంతమాత్రమును క్రొత్తది గాదు.

మన వీథిబడులను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. పంతులు నేలమీద ఇసుక పఱపించును. బిడ్డ వ్రేలు పట్టుకొని "ఓ" అని దిద్దించును. బిడ్డ నోటితో పలుకుచు, కంటితో చూచుచు, చెవితో వినుచు, వ్రేలితో దిద్దును. చెక్కమీదనో రాతిమీదనో లోతుగా చెక్కిన గుంట ఓనమాలలో పుల్ల ద్రిప్పి చేయి కుదుర్చుకొనును. ఇంట అక్షరాభ్యాసమునాడు పళ్ళెములోని బియ్యమున వ్రాయించుటయు ఈ మర్యాదకు చెందినదే. తుంగభద్రకు ఆవల నుండిన నాటి బళ్ళారి జిల్లాకు కలెక్టరైన కాంబెలు దొర 1823లో తన జిల్లా బడులనుగూర్చి పంపిన నివేదికలో, ఇచ్చటి పిల్లలు అక్షరములను ఐరోపాలోవలె వట్టి పలుకుటచేత గాక, ఇసుకలో వ్రేలితో వ్రాయుటచేత నేర్చుచున్నారని వ్రాసియున్నాడు. అంతకు ముందే మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర శాలను నడిపిన ఆండ్రూ బెల్లను మతాచార్యుడు, ఈ దేశపు పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండనున దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. "మద్రాసు పద్ధతి" యను పేర అది ఇంగ్లండున వ్యాపింపగా, అక్కడి పేదపిల్లలును ఇసుకపెట్టెలలో అక్షరములు దిద్దిరి. మన ఇసుక సముద్రము దాటిన దన్నమాట.

ఇంతమాత్రమున పూర్వకాలమంతయు బంగారమని చెప్ప మా తలంపు కాదు. ఆ కాంబెలు నివేదికయే మన కన్నులు తెఱపించును. జిల్లా యంతటను 533 బడులు. చదువువారు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది! మిగిలిన బాలికల వ్రేళ్ళకు ఆ ఇసుక తగులనే లేదు. అంటరానివారని త్రోయబడిన జాతుల బిడ్డలకు ఆ యరుగు ఎక్కుటకే అర్హత లేదు. ఎక్కినవారికైనను సుఖము గలదా? చేతికి అక్షరము వచ్చిన పిదప తలకెక్కవలసిన అర్థము సంగతి పంతులు పట్టించుకొనలేదు. పిల్లలు పద్యములను కంఠస్థముచేసి అర్థము తెలియక చిలుకలవలె వల్లించుచున్నారని ఆ దొరయే వ్రాసెను. తప్పినవానికి కోదండము, గుంజీళ్ళు, బెత్తము. వ్రేలికి ఇసుక నిచ్చిన చేతియే వీపునకు బెత్తము నిచ్చినది. కాబట్టి వీథిబడిలో మనము నిలుపుకొనవలసినది ఒక్కటే: చేతిని విద్యలో భాగస్వామినిగా చేసిన వివేకము.

క్రొత్తబడి చేసిన మేలు మహత్తరమైనది. కులము, లింగము చూడక అది తలుపులు దెఱచినది. శిక్షలను శాసనముచేత నిషేధించినది. కాని ఆ సందడిలో చేతిని మాత్రము గుమ్మముబయట విడిచినది. నల్లబల్లమీద అక్షరము వ్రాసి, "చూడుడు, చెప్పుడు" అనును. నలువదిమంది ఏకకంఠముగా అరతురు. వారిలో పదిమంది ప్రక్కవాని నోరు చూచి పలుకుచున్నారని ఉపాధ్యాయుడెఱుగడు. చెవికి దొరకినది కంటికి దొరకదు. కంటికి దొరకినది చేతికి దిగదు. ఇటీవల దూరవాణియంత్రములమీద అక్షరములు చూపుట పరిపాటియైనది. ఆ గాజుపలకమీద "అ"ను తాకినను "క్ష"ను తాకినను వ్రేలికి ఒక్కటే నునుపు. వ్రేలు తాకుచున్నదే గాని నేర్చుట లేదు.

మన మిట్లు చేతిని మఱచుచుండగా ఇతర దేశములవారు దానిని తిరిగి కనుగొనిరి. 1907లో రోము నగరపు పేదవాడలో మరియా మాంటిసోరి శిశుగృహము తెఱచి, గరుకుకాగితముతో కత్తిరించిన అక్షరములను పలకలపై అంటించి, వానిని వ్రేళ్ళతో దిద్దుచు ధ్వని పలుకునట్లు పిల్లలకు నేర్పెను. ఆ పిల్లలు చదువుటకంటె ముందుగా వ్రాయుటకే పూనుకొనిరి. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చినది. అమెరికాలో చదువు పట్టుబడని పిల్లలకొఱకై గ్రేసు ఫెర్నాల్డు, శామ్యూలు ఆర్టను, అన్నా గిలింగ్‌హామను వారు గత శతాబ్ది పూర్వార్ధముననే చూపు, వినికి, స్పర్శ, కదలిక అను నాలుగింటిని జతపఱచి బోధించు పద్ధతులు నిర్మించిరి. 2005లో ఫ్రాన్సు పరిశోధకులు మూడు, నాలుగేండ్ల పిల్లలను రెండు తెగలుగా జేసి, ఒకరికి చేవ్రాతతోను మఱియొకరికి మీటలు నొక్కుటతోను అక్షరములు నేర్పి చూడగా, వారిలో కొంచెము పెద్దపిల్లలయందు చేతితో వ్రాసి నేర్చినవారే అక్షరములను మేలుగా గుర్తించిరి.

ఈ సహాయము మన లిపికి మఱింత అవసరము. ఆంగ్లమునకు ఇరువదియాఱు అక్షరములు చాలును. మనకో, అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు కలసి వందలకొలది రూపములు. కన్నడలిపి మన లిపికి తోబుట్టువు. కన్నడ పిల్లలకు అక్షరములన్నియు స్వాధీనమగుటకు నాలుగవ తరగతివరకును కాలము పట్టుచున్నదని సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధనము తెలుపుచున్నది. మన పిల్లల స్థితియు దీనికి దూరముగ నుండదు. "ఒకటవ తరగతిలోనే రాలేదు, వీడు మొద్దు" అని తీర్పు చెప్పువారు ఈ సంగతి గమనింతురుగాక! మఱియు "వ"కును "మ"కును గల భేదము ఒక్క కొమ్ము. "ప"కును "వ"కును గల భేదము ఒక్క ముడి. కన్ను తొందరలో ఈ భేదములను దాటిపోవును. చేయి దాటిపోజాలదు, ఎచ్చట మొదలిడి, ఎటు తిరిగి, ఎచ్చట నిలువవలెనో తేల్చుకొననిదే అది కదలదు.

ఇంకొక చిక్కు గలదు. "పలక" యను మాటకు మూడు చప్పట్లు కొట్టింపుడు. ప, ల, క యని చెవికిని కంటికిని మూడే తోచును. ఇక "అమ్మ" అనునది చూడుడు. చెవి "అమ్" అనియు "మ" అనియు విఱుచును. వ్రాతలో మాత్రము "అ" అనియు "మ్మ" అనియు విఱుగును. బిడ్డ నోట నిత్యము నుండు మాటయందే చెవికిని కంటికిని తగవు వచ్చినది. ఈ తగవును "ఒత్తు క్రింద వ్రాయవలెను" అను ఆజ్ఞ తీర్పదు. చింతగింజలతో "మ"ను పేర్చి, మఱియొక రంగు గింజలతో దాని క్రింద ఒత్తును పేర్చి, పెదవులు మూసి నిలిచి "అమ్‌మ" యని పలికించినచో, పెదవి ఆగినచోటనే ఒత్తు గలదని బిడ్డకు బోధపడును. ఆ మీదట వాకిలిలో ముగ్గుపిండితో వ్రాయవచ్చును, బంకమన్నుతో చేయవచ్చును, తొక్కుడుబిళ్ళ గడులలో అక్షరములు వ్రాసి, పలుకుచు గెంతింపవచ్చును, కన్నులు మూసికొన్న బిడ్డ వీపుమీద వ్రేలితో వ్రాసి "ఇదేది?" యని అడుగవచ్చును. వీనిలో ఒక్కదానికైనను ధనము అక్కఱలేదు. కృష్ణాతుంగభద్రల నడుమ నున్నవారికి ఇసుక కఱవా?

ఇప్పుడు మేము ప్రధానమైన విషయమునకు వచ్చుచున్నాము. ఈ సీమ పిల్లల చేతులకు నేర్పు లేదని ఎవరనగలరు? గద్వాల నేతగాండ్ర ఇండ్లలో, నూలుబట్టకు పట్టుఅంచును జతపఱచు ఆ సున్నితపు పనినడుమనే పిల్లలు పెరుగుచున్నారు. పడుగు, పేక, రంగు, లెక్క వారికి ఉగ్గుపాలతో వచ్చును. నాగరుకర్నూలు జిల్లాలోని నల్లమలలో చెంచుబిడ్డ ఆకును, జాడను, తేనెపట్టును ఎఱుగును. ఇక గద్వాల ప్రాంతమున విత్తనపు పత్తి సాగు విస్తారము. ఆ చేలలో సాయంకాలము మొగ్గను విప్పి పుప్పొడి తిత్తులను గిల్లివేయవలెను; మఱునాటి యుదయమున వేఱొక పూవు పుప్పొడిని దానికి అద్దవలెను. ఒక్కొక్క పూవునకు ఒక్కొక్కమాఱు చేయి తగులవలసినదే. ఈ పనికి చిన్నవ్రేళ్ళు మేలని చెప్పి, ఏండ్లతరబడి బాలికలను విశేషముగ నియోగించిరి. బడి నడుచు నెలలే ఆ పని నడుచు నెలలు. పదునాలుగేండ్లలోపు పిల్లలచేత పనిచేయించుటను 2016లో సవరింపబడిన శాసనము నిషేధించుచున్నది. బడివేళలు గాని సమయమున సొంత కుటుంబపు పనిలో తోడ్పడుటను మాత్రము మినహాయించినది. ఆ సందు ఎంత ఇఱుకైనదో, దానిలోనుండి ఎంతమంది జారిపోవుదురో యోచింపుడు.

ఇందలి అన్యాయమును గమనించితిరా? పొలములో ఆ వ్రేళ్ళకు విలువ గలదు, బడిలో లేదు. పూవు నలగకుండ పుప్పొడి నద్దగల వ్రేలు "క"కు తలకట్టు పెట్టలేకపోవుట బుద్ధిమాంద్యమా? పొలము ఆ వ్రేళ్ళను గుర్తించి తన లాభమునకు వాడుకొన్నది. బడి వానిని గుర్తింపనే లేదు. చేతులు కట్టుకొని కూర్చుండుడని బడి ఆజ్ఞాపించినది. ఏ ద్వారమునుండి ఆ బిడ్డ సులభముగా లోనికి రాగలదో ఆ ద్వారమును మూసి, రాలేదని నిందించుట ఏ ధర్మము? మా తీర్పిది: ఇంద్రియము లన్నింటికిని అవకాశమిచ్చి, ఓపికతో చాలినంతకాలము బోధించి చూడకుండ ఏ బిడ్డనుగూర్చియు "వీనికి చదువు రాదు" అని పలుకుట అసత్యము; పలికిన మాట బిడ్డ నమ్మును గావున హింస కూడ.

దీనికొక ఆక్షేపణ గలదు. అది పండితులది గాదు, తల్లిదండ్రులది. పాలమూరు కూలీలు పొట్టచేతబట్టుకొని దూరప్రాంతములకు వలసపోయి మన్ను మోసినవారు. వారిట్లందురు: "అయ్యా, మా బ్రతుకు మట్టిలోనే గడచినది. మా బిడ్డ చేతికి మట్టి యంటరాదనియే బడికి పంపితిమి. మీరు మరల మట్టియే యిత్తురా?" ఈ మాటను త్రోసిపుచ్చువాడు హృదయము లేనివాడు. కలము వారికి గౌరవచిహ్నము, మన్ను అవమానస్మృతి. దీనికి మా సమాధానము రెండు విధములు. మొదటిది: చేతిపనిలో రెండు తెఱగులు గలవు. చేతినుండి తీసికొనునది యొకటి, చేతికి ఇచ్చునది యొకటి. పని ముగిసిన పిదప ఫల మెవరియొద్ద మిగిలినదని యడిగినచో భేదము తేలును. చేనిలో ఫలము యజమానిది. ఇసుకపళ్ళెములో ఫలము బిడ్డది. రెండవది: ఇసుక గుమ్మమే గాని గృహము కాదు. అచ్చటినుండి పలకకు, పలకనుండి కాగితమునకు, కాగితమునుండి గ్రంథమునకు బిడ్డ చేరితీరవలెను. చేర్పని ఉపాధ్యాయుడు ఆ తల్లిదండ్రులను మోసగించినవాడే. మఱియు పేదల బిడ్డకు ఇసుక, ధనికుల బిడ్డకు గ్రంథము అను ఏర్పాటును మేము ఎంతమాత్రము అంగీకరింపము. ఈ విద్య మంచిదైనచో అందఱికిని మంచిదే.

ఈ పద్ధతిని మెచ్చుకొనువారిని గూడ హెచ్చరింపవలసియున్నది. ఇసుకతో ఆడినంతమాత్రమున చదువు రాదు. పలుకక దిద్దిన అక్షరము బొమ్మయే. అర్థములేక చదివిన మాట చిలుకపలుకే. రంగురంగుల వస్తువులు గోడలకు వ్రేలాడదీసి అధికారులకు చూపించు ప్రదర్శనము బోధన గాదు. ఇంకొక భ్రమ కలదు: "ఈ బిడ్డ కంటిబిడ్డ, ఆ బిడ్డ చెవిబిడ్డ, ఇతడు చేతిబిడ్డ" యని పేర్లు పెట్టి విడదీయుట. అట్లు విభజించి నేర్పుటవలన ప్రయోజనమున్నదనుటకు తగిన నిదర్శనము లేదని 2008లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు పరిశోధనలను పరిశీలించి తేల్చిరి. "మొద్దు" అను ముద్రకు బదులు మఱియొక ముద్ర వేయుట సంస్కారము కాదు. కూలివాని బిడ్డకు చేయి, పండితుని బిడ్డకు బుద్ధి యని పంచిపెట్టిన పాతపాపమే ఈ వేషమున మరల రాకుండునుగాక! ప్రతి బిడ్డకును ఇంద్రియములన్నియు కావలెను. అవి ఒక్కమాఱు ఒక్క అక్షరముపైననే కూడవలెను. ఎంత చేసినను కొందఱు పిల్లలకు చదువుట మిగుల కష్టముగ నుండును. అది వారి సోమరితనము గాదు. ప్రత్యేక అభ్యసనవైకల్యమని 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టమే గుర్తించినది. అట్టివారికి పైన చెప్పిన ఓపిక ఇనుమడింపవలెను.

చదువరులారా! ఈ కార్యము బడిపంతుళ్ళమీదనే త్రోసివేయదగినది గాదు. మీ యింట పనిచేయు స్త్రీ వెంట వచ్చు బిడ్డ గలదా? మీ వంటయింటిలో బియ్యపుపళ్ళెము గలదు. అక్షరాభ్యాసమునాడు మీ బిడ్డకు ఆ పళ్ళెమున వ్రాయించి మంగళముగా భావించితిరి. ఆ బియ్యమే ఆ బిడ్డ ముందర నుంచుడు. మొదట ఆ బిడ్డ పేరులోని తొలి యక్షరమును పలికి వినిపింపుడు, రూపు చూపుడు, వ్రేలు పట్టి దిద్దింపుడు, తానుగా పలుకుచు దిద్దువఱకు వేచియుండుడు. మఱునాడు మఱియొకటి. నెలకు ఎన్ని వచ్చెనని లెక్కింపకుడు.

"అక్షరము" అనగా నశింపనిది. వీథిబడి ఆ నశింపనిదానిని వ్రేళ్ళకిచ్చి, కొందఱి వ్రేళ్ళకే యిచ్చినది. క్రొత్తబడి అందఱినిబిలిచి, కన్నులకు మాత్రమే యిచ్చినది. అందఱికిని, అన్ని ద్వారములనుండియు, అర్థముతోకూడ ఇచ్చుట మన తరము తీర్పవలసిన ఋణము. అది తీఱిననాడు "విద్వద్గద్వాల" యను బిరుదు కొలువుకూటమునుండి దిగివచ్చి పత్తిచేని గట్టుమీది బాలికకును చెల్లును.